రెక్క మోయవలసిన బరువు

మన పల్లెలలో ఎడ్లబండి చేయు వడ్రంగిని "ఈ ఇరుసు ఎంత బరువు మోయును?" అని అడిగినచో, అతడు వెంటనే బస్తాల లెక్క చెప్పడు. "బండి ఏ దారిన పోవును?" అని తిరిగి ప్రశ్నించును. పది బస్తాల ధాన్యముతో బండి నున్నని బాటపై మెల్లగా సాగునపుడు ఇరుసుకు తెలియునది పది బస్తాల బరువే. చక్రము గోతిలో పడి లేచునపుడో, ఆ ఒక్క క్షణము అది ఇరువది బస్తాలు కావచ్చును, ముప్పది కావచ్చును. బస్తాలు పెరుగలేదు, కుదుపు వచ్చినది. ఇరుసు విరుగునది సాధారణముగా ఆ కుదుపుకే.

విమానపు రెక్కకును ఇదే న్యాయము. విమానము ఎత్తు మారక, తిన్నగా, ఒకే వేగమున పోవునపుడు రెక్కలపై గాలి కలిగించు లేపుబలము విమానపు బరువుకు సమానము. ఈ స్థితిలో భారగుణకము 1 అందురు. విమానము ప్రక్కకు ఒరిగి మలుపు తిరుగునపుడు లేపుబలములో కొంత భాగము మలుపుకే వ్యయమగును. మిగిలిన భాగమే బరువును మోయవలెను. కనుక రెక్క ఎక్కువ బలమును పుట్టించవలసి వచ్చును. 60 డిగ్రీలు ఒరిగి, ఎత్తు తగ్గకుండ తిరిగినచో భారగుణకము 2. 75 డిగ్రీలు ఒరిగినచో దాదాపు 4. నిటారుగా క్రిందికి దూకి, హఠాత్తుగా ముక్కు పైకెత్తినచో ఇంకను పెరుగును.

అయితే రెక్కను ఎన్ని రెట్లకు నిర్మించవలెను? ఇరువది రెట్లకు నిర్మింతమన్నచో రెక్కయే మోయలేని బరువగును. రెండు రెట్లతో సరిపెట్టుకొన్నచో మొదటి గట్టి గాలికే విరుగును. ఈ సంఖ్యను ప్రకృతి మనకు చెప్పదు, మనమే ఎన్నుకొనవలెను. ఎన్నుకొన్న సంఖ్య తప్పని తెలియుటకు ఒకప్పుడు మనుష్యులు చనిపోవలసి వచ్చినది.

ఈనాడు ఈ ప్రశ్న పెద్ద కర్మాగారములకు మాత్రమే పరిమితమైనది కాదు. భారత ప్రభుత్వపు 2021 డ్రోను నియమముల ప్రకారము 2 కిలోలకు మించి 25 కిలోల వరకు బరువు గల మానవరహిత విమానములు 'చిన్న' తరగతికి చెందును. మన పొలములపై మందు చల్లునవి చాలవరకు పలు పంకాలతో నిలువుగా లేచునవి. వాటి లెక్క వేరు. కాని రెక్కలతో చాలదూరము ఎగురు చిన్న విమానములను ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు సైతము నిర్మించుచున్నారు. అట్టి విమానమొకటి మన ఎదుట ఉన్నదనుకొందము. బరువు 10 కిలోలు, రెక్కల వైశాల్యము ఒక చదరపు మీటరు, ప్రయాణవేగము సెకనుకు 20 మీటర్లు. దీని రెక్కకు ఏ సంఖ్య తగును? జవాబు చెప్పుటకు ముందు, ఆ సంఖ్య వెనుకనున్న కథ తెలియవలెను.

1909 జులై 25వ తేదీన లూయీ బ్లేరియో అను ఫ్రెంచి దేశీయుడు తాను నిర్మించిన ఒంటిరెక్కల విమానముపై ఇంగ్లీషు కాలువను దాటెను. ఆ విమానమునకు గిరాకీ పెరిగెను. దాని పలుచని రెక్కలను పైనుండియు క్రిందినుండియు తీగలు కట్టి నిలిపెడివారు. క్రింది తీగలు ఎగురునపుడు రెక్క పైకి విరుగకుండ పట్టియుంచును. కనుక అవి గట్టివి. పై తీగల పని నేలపై నిలిచియున్నపుడు రెక్క వాలకుండ చూచుట. కనుక అవి సన్ననివి చాలుననుకొనిరి. ఈ ఆలోచనలో తప్పేమున్నదో పైకి కనబడదు. ఎగురు విమానమునకు రెక్కపై బలము క్రిందినుండి పైకే గదా!

1910 జనవరి 4వ తేదీన ఫ్రాన్సులోని బోర్డో సమీపమున లెయాన్ దెలగ్రాంజ్ అను ప్రసిద్ధ విమాన చోదకుడు బ్లేరియో విమానము నడుపుచుండగా రెక్క విరిగి నేల కూలి మరణించెను. తన విమానమునకు ఆయన మరింత శక్తిగల ఇంజనును అమర్చుకొని యుండెను. తరువాత మరికొన్ని ప్రమాదములు జరిగెను. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణము చెప్పిరి: ఇంజను బలము ఎక్కువైనదనిరి, చోదకుడు దుడుకువాడనిరి. చివరకు 1912 ఆరంభమున బ్లేరియో స్వయముగా పరిశీలించి ఫ్రెంచి ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. దాని సారాంశమిది: చోదకుడు విమానపు ముక్కును హఠాత్తుగా క్రిందికి వంచినపుడు గాలి రెక్క పైభాగమును తాకి దానిని క్రిందికి ఒత్తును. ఆ ఒత్తిడిని ఆపవలసినవి పై తీగలు. సన్ననివగుటచే అవి తెగుచున్నవి. తెగుచున్న విమానములలో తన విమానములును ఉన్నవి. తన సరకులోని లోపమును తానే కొనుగోలుదారునకు విన్నవించుకొన్న వర్తకులు ఏ కాలమునందైనను అరుదు. ఫ్రెంచి సైన్యము తన ఒంటిరెక్కల విమానములను నిలిపివేసి, తీగలను బలపరచిన పిమ్మటనే మరల ఎగురనిచ్చెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో బ్రిటిషు సైన్యము కూడ వరుస ప్రమాదముల వలన ఒంటిరెక్కల విమానములను నిషేధించెను. విచారణ సంఘము ఒంటిరెక్క అనునది స్వతః దోషము కాదని తేల్చినను, జంటరెక్కల విమానములపైననే అక్కడివారికి చాలకాలము మక్కువ నిలిచిపోయెను.

ఆ రోజులలో రెక్కను పరీక్షించు పద్ధతి మోటుదైనను నమ్మదగినది. విమానమును తలక్రిందులుగా నిలిపి, రెక్కల అడుగుభాగముపై ఇసుక సంచులను పేర్చెడివారు. విమానపు బరువుకు అయిదు రెట్ల ఇసుకను మోసి ఆరవదానికి విరిగినచో ఆ రెక్క గుణకము అయిదు. కాని ఆకాశమున ఆ రెక్క నిజముగా ఎన్ని రెట్లు మోయవలసి వచ్చునో ఎవరును కొలిచి చూడలేదు. వడ్రంగికి ఇరుసు బలము తెలిసినది. దారిలో గోతుల లోతు తెలియదు.

దానిని కొలిచి చూచిన వారిలో ముఖ్యుడు అమెరికా సైన్యపు విమాన చోదకుడు జేమ్స్ డూలిటిల్. ఒహైయో రాష్ట్రమున మక్‌కుక్ విమానరంగమునందు 1924లో ఆయన ఫోకర్ పి.డబ్ల్యు.-7 అను యుద్ధవిమానములో త్వరణమును నమోదు చేయు పరికరము నుంచుకొని, ఆకాశమున చేయదగిన విన్యాసములన్నియు చేసెను. చక్రము తిరిగెను, దొర్లెను, నిటారుగా దూకి ముక్కు పైకెత్తెను. పరికరము చూపిన అత్యధిక విలువ 7.8. అంతటి బలమునకు రెక్క చిట్లుట మొదలైనది. ఇంకొక్క అడుగు ముందుకు వేసియున్నచో ఫలితములను చెప్పుటకు ఆయన మిగిలెడివాడు కాడు. ఈ పరిశోధన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆయన పట్టమునకు వ్యాసమైనది. 1925లో అమెరికా విమానశాస్త్ర సలహాసంఘము 203వ నివేదికగా ప్రకటించెను.

ఆ నివేదికలో రెక్కకు సంబంధింపని అంశమొకటి కలదు. మన కథకు అదియే ముఖ్యము. బలము క్షణకాలముండినచో ఎంత ఎక్కువైనను మనుష్యుడు ఓర్చుకొనును. కాని 4.5 రెట్ల చుట్టుపట్ల బలము కొంతసేపు నిలిచినచో రక్తము తలకెక్కక, కన్నులు చీకట్లు క్రమ్మి, చోదకునకు స్పృహ తప్పును. అనగా రెక్కకు ఒక కాపలావాడు దొరకెను. బలము మితిమీరునపుడు చోదకుని దేహమే బరువెక్కి, చేయి సడలి, మలుపు మందగించును. ఈ కాపలావానిని ఎవరును లెక్కలలో వ్రాయలేదు. అయినను ప్రతి విమానములోను అతడు కూర్చుండియే యుండెను.

ఇట్టి కొలతలనుండి, మరెన్నో ప్రమాదములనుండి నియమములు రూపొందినవి. విమానము తన జీవితకాలమున ఎదుర్కొనదగిన గరిష్ఠ బలమును పరిమిత భారమనిరి. ఆ బలమునకు రెక్క వంగవచ్చును గాని శాశ్వతముగా రూపు చెడరాదు. దానికి ఒకటిన్నర రెట్లను అంతిమ భారమనిరి, అంతవరకు విరుగరాదు. ఈ ఒకటిన్నర 1930లలో అమెరికాలో స్థిరపడినది. విమానములకు వాడు అల్యూమినియము మిశ్రలోహము రూపు చెడు బలమునకును, తెగు బలమునకును ఇంచుమించు ఆ నిష్పత్తియే యుండుట కారణమని చెప్పుదురు. అంతకు మునుపు నిర్మించినవి ఆ పాటి బలముతోనే విరుగక నిలిచినవన్న అనుభవము కూడ తక్కువ కారణము కాదని నా అభిప్రాయము.

1965లో అమలులోనికి వచ్చిన అమెరికా నియమావళిలో సాధారణ తరగతి చిన్న విమానములకు పరిమిత భారగుణకము 3.8, విన్యాసములు చేయువానికి 6, పెద్ద ప్రయాణవిమానములకు కనీసము 2.5. విమానము తేలికైనకొలది గుణకము పెంచుటకు ఒక సూత్రమును కూడ ఇచ్చిరి. దానిలో మన 10 కిలోల విమానపు బరువు వేసి చూచినచో దాదాపు 4.5 వచ్చును. కాని 3.8కి మించనక్కరలేదని ఆ నియమమే మినహాయింపు నిచ్చినది. మనుష్యులను మోయు విమానములకై కూర్చిన సూత్రమును 10 కిలోల బొమ్మ వరకు సాగదీయుట ఎంత సబబో పాఠకులే ఊహింపవచ్చును. 2017లో ఆ నియమావళిని తిరగవ్రాసి, అంకెలను నియమములనుండి తొలగించి నిపుణుల ప్రమాణములకు వదలిరి.

ఇప్పుడు మన చిన్న విమానమునకు వత్తము. మొదట ఒక శుభవార్త. రెక్క పుట్టించగల బలమునకు వేగమే హద్దు. తన బరువును మోయుటకు దీనికి కావలసిన కనీస వేగము సుమారు సెకనుకు 11 మీటర్లు. అంతకు తగ్గినచో గాలిపై రెక్క పట్టు తప్పును. వేగము రెట్టింపైనచో రెక్క నాలుగు రెట్ల బరువు మోయగలదు. మూడు రెట్లైనచో తొమ్మిది రెట్లు. కనుక సెకనుకు 20 మీటర్ల వేగమున ఎంత మొరటుగా నడిపినను గుణకము 3.3ను దాటదు, విరుగుటకు ముందే రెక్క పట్టు తప్పి బలము తగ్గిపోవును. 3.8 ఎన్నుకొన్నచో సెకనుకు 21 మీటర్ల వరకు పైకి లాగు ఏ విన్యాసమునకును రెక్క విరుగదు. అదే 30 మీటర్ల వేగమున గుణకము 7 దాటవచ్చును. చూడుడు, మనము ఎన్నుకొన్నది భారగుణకమును మాత్రమే కాదు, వేగపు హద్దును కూడ.

చెడువార్త విసురుగాలిది. నేలనుండి పైకి లేచు గాలి విసురు సెకనుకు 5 మీటర్లనుకొందము. ఎండకాలపు మధ్యాహ్నము ఇది వింత కాదు. ఆ విసురు తగులగానే గాలి రెక్కను తాకు కోణము మారి, బలము పెరుగును. ఎంత పెరుగుననునది రెక్క ఒక్కొక్క చదరపు మీటరుపై ఎంత బరువున్నదన్న దానిపై ఆధారపడును. బరువు తక్కువైనకొలది కుదుపు ఎక్కువ. వడగళ్ళకు చెదరని చింతచెట్టు ప్రక్కనే గాలిపటము చిరిగిపోవునట్లు. మన విమానమునకు చదరపు మీటరుకు 10 కిలోలు. విసురు ఒక్కసారిగా తగిలినచో గుణకములో పెరుగుదల 3.1. చదరపు మీటరుకు 600 కిలోలు మోయు ప్రయాణవిమానము సెకనుకు 130 మీటర్ల వేగమున అదే విసురులో పడినచో పెరుగుదల 0.34 మాత్రమే. నిజమునకు విసురు క్రమముగా పెరుగును. ఈలోపల విమానమును దానితో పాటు కొంత పైకి లేచును. ఆ తగ్గింపునకు కెర్మిట్ ప్రాట్ అను అమెరికను ఇంజనీరు 1953లో ఇచ్చిన సూత్రమును వాడినచో మన విమానమునకు 3.1 కాస్త సుమారు 1.8 అగును. ఒకటితో కూడి 2.8. క్రిందికి వీచు విసురైనచో ఒకటినుండి 1.8 తీసివేయగా ఋణము 0.8. అనగా రెక్కపై గాలి పైనుండి క్రిందికి ఒత్తును. బ్లేరియో పై తీగలు ఇక్కడ మరల జ్ఞప్తికి రావలెను.

విమానమునుండి మనుష్యుని దించివేసినపుడు క్రొత్త దిక్కులనుండి కూడ బలములు వచ్చినవి. 1935లో బ్రిటిషువారు టైగర్ మాత్ రెక్కలతో క్వీన్ బీ అను చోదకుడు లేని విమానమును రేడియోతో నడిపి, ఫిరంగుల గురికి వాడిరి. అది ఇంకను పెద్దది. చక్రములపై పరుగెత్తి లేచెడిది. నిజముగా చిన్నది రెజినాల్డ్ డెన్నీ అను నటుడు అమెరికాలో స్థాపించిన సంస్థవారి రేడియోప్లేన్. రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఓ.క్యు.-2 నమూనా బరువు 47 కిలోలు, రెక్కల పొడవు 3.7 మీటర్లు, ఇంజను ఆరు గుర్రాలది. దీనిని విల్లునుండి బాణమువలె ఒక ప్రేరకముతో విసరెడివారు. పని ముగిసిన పిమ్మట గాలిగొడుగు విప్పి దించెడివారు. అట్టి విమానములు ఆ యుద్ధములో వేల కొలది తయారైనవి.

ఈ విసరుటలో బలమెంతో చూడుడు. అయిదు మీటర్ల పట్టాపై విమానమునకు సెకనుకు 25 మీటర్ల వేగము తెప్పింతుమన్నచో దాని ప్రతి భాగము ముందుకు తన బరువుకు ఆరు రెట్లకు పైబడిన బలముతో నెట్టబడవలెను. రెక్క వెనుకకు ఉండిపోజూచును. పైకి వంగుటకు ఎన్నో రెట్ల బలముతో చేసిన రెక్క, మొదటలో వెనుకకు వంగుటకు తగిన బలము లేనిదైనచో పట్టా దాటకముందే ఊడిపోవును. 3.8 అను సంఖ్య దీనినిగూర్చి ఏమియు చెప్పదు. గొడుగు విచ్చుకొనునపుడు పడు కుదుపు మరొకటి. నేలను తాకుట వేరొకటి. చిన్న విమానము చాలమారులు ఎగురునపుడు కాక, లేచునపుడో దిగునపుడో విరుగుట ఇందుకే.

పోయినది ఇంకొకటి కలదు: డూలిటిల్ కనుగొన్న కాపలావాడు. చోదకుడు లేని విమానమునకు కన్నులు చీకట్లు క్రమ్మవు. దానిని నడుపు యంత్రము చెప్పిన ఎత్తునకు, చెప్పిన దారికి చేరవలెనన్న ఒకే పట్టుదలతో నుండును. రెక్క మూలుగుచున్నదని దానికి తెలియవలెనన్నచో ఆ సంగతి ముందుగా ఎవరో దానిలో వ్రాసియుంచవలెను.

2003 జూన్ 26వ తేదీన హవాయి ద్వీపములలోని కవాయి తీరమున నాసావారి హీలియాస్ విరిగి సముద్రమున పడెను. రెక్కల పొడవు 75 మీటర్లు, సూర్యకాంతితో పనిచేయునది. 2001లో ఇట్టి హీలియాసే 29,500 మీటర్ల ఎత్తునకు ఎక్కియుండెను. ఇది చిన్నది కాదు గాని, పొడవుతో పోల్చినచో తేలికదనములో మన 10 కిలోల విమానమునకు బంధువే. బయలుదేరిన అరగంటకు అలజడి గాలిలో దాని రెక్కలు రెండు కొసలు పైకి లేచి విల్లువలె వంగెను. వంగిన రెక్క తిరిగి చదును కాలేదు. ఆ ఆకారములో విమానము ముక్కు ఎత్తుచు దించుచు ఊగసాగెను. ప్రతి ఊపు మునుపటికంటె పెద్దదయ్యెను. వేగము హద్దు దాటెను. రెక్క పైపొర ఊడిపోయెను.

ఇంకొకటి 2016 జూన్ 28వ తేదీన అరిజోనా రాష్ట్రమున యూమాలో జరిగినది. మారుమూలలకు ఇంటర్నెట్టు అందించుటకై ఫేస్‌బుక్ సంస్థ నిర్మించిన ఆక్విలా తొలి ప్రయాణమది. రెక్కల పొడవు 43 మీటర్లు, బరువు సుమారు 400 కిలోలు. అరగంట ఎగురవలెననుకొన్నది గంటన్నర ఎగిరెను. అందరును సంతోషించిరి. దిగుటకు నేలను సమీపించుచుండగా గాలి ఎక్కువై, విమానము దిగవలసిన గీతకంటె పైకి లేచెను. నడుపు యంత్రము తనకు చెప్పినట్లే ముక్కు దించి గీతపైకి రాజూచెను. వేగము పెరిగెను. రెక్కల చివర పలకలు విమానమును నిలబెట్టుటకు పైకి తిరిగెను. అంత వేగములో పైకి తిరిగిన పలక రెక్క చివరను క్రిందికి ఒత్తును. కుడిరెక్క చివర క్రిందికి వంగి, వంగి, విరిగెను. విమానము నేలకు చాల సమీపమున నుండుటచే ఎవరికిని హాని కలుగలేదు.

రెక్క విరిగినది క్రింది వైపునకు. 1912లో బ్లేరియో తన నివేదికలో చెప్పినదియు ఆ దిక్కే. నూటనాలుగేండ్ల నడుమ తీగలు పోయి బొగ్గునారతో రెక్కలు వచ్చినవి, మనుష్యుడు పోయి యంత్రము వచ్చినది. ఆక్విలా ఇంజనీర్లకు ఋణ గుణకము తెలియక కాదు. దానిని లెక్కించిన వేగమునకును, ఆనాటి గాలిలో యంత్రము చేరిన వేగమునకును పొత్తు కుదరలేదు.

మన 10 కిలోల విమానమునకు నన్నడిగినచో ధనము 3.8, నియమావళి చెప్పునట్లు అందులో పదింట నాలుగు వంతులు, అనగా ఋణము 1.5 ఎన్నుకొందును. అంతిమ భారమునకు ఒకటిన్నర రెట్లు, అనగా 5.7. ఇది 57 కిలోల ఇసుక. రెక్కను తలక్రిందులు చేసి దానిపై పేర్చి చూడవచ్చును. గాలిలో రెక్క బరువు లేపుబలమునకు ఎదురు నిలుచును గనుక, ఆ లెక్క సరిచూచుకొనవలెను. పిమ్మట రెక్కను మరల నిలువున త్రిప్పి, 23 కిలోలను పైభాగముపై కూడ పేర్చవలెను. విద్యార్థులు సాధారణముగా మొదటిది చేసి ఛాయాచిత్రము తీయించుకొందురు, రెండవది మరతురు. అటుపై రెక్కను మొదటిలో పట్టి వెనుకకు లాగి చూడవలెను. నడుపు యంత్రమునకు మాత్రము ఒక వాక్యము వ్రాయవలెను: సెకనుకు 21 మీటర్లకు మించినపుడు దారి తప్పినను సరే, ముక్కు దించరాదు.

ఆక్విలాను నిర్మించినవారు రెండవ విమానమునకు రెక్కలపై లేచి నిలుచు పలకలను అమర్చిరి. దిగునపుడు అవి లేపుబలమును తగ్గించి, ఈడ్పును పెంచి, వేగము హద్దు దాటకుండ చూచును. నడుపు యంత్రమునకు వ్రాసియుంచిన ఆజ్ఞలను కూడ సవరించిరి. 2017 మే 22వ తేదీన ఆ విమానము యూమాలోనే గంటా నలుబదియారు నిమిషములు ఎగిరి, రెక్క విరుగక నేలకు దిగెను.